రాదోన్యకు పెట్టిన దినం

మా లోయ చివర మఠం గోడ మీద రాజుల వంశమంతా ద్రాక్షతీగలా గీసి ఉంటుంది. కింద మూలపురుషుడు, పైకి పాకుతున్న కొమ్మల్లో కొడుకులు, మనవలు, ఒక్కొక్క ఆకు మధ్య ఒక్కొక్క కిరీటం. ఒకచోట మాత్రం మొహం ఉండాల్సిన చోట సున్నం ముద్ద ఉంటుంది. అక్కడ ముందు వుక్మిర్‌ను గీశారు. తర్వాత గీకేసి అతని సవతితమ్ముడు బెరిస్లావ్‌ను గీశారు. మళ్ళీ గీకేశారు. ఎవడు గెలిస్తే వాడు రెండోవాడి మొహాన్ని చెరిపించాడు. ఆ గొడవ ముగిసి ఇన్నేళ్ళయినా సన్యాసులు ఆ చోటు జోలికి పోవడం లేదు.

వాళ్ళ తగువుకు మూల్యం చెల్లించినవాళ్ళెవరూ ఆ గోడ మీద లేరు. వాళ్ళలో ఒకామె గురించి నేను చెబుతాను. ఆమె పేరు విదోసవ. ఇబార్ నది పైన ఉన్న మా లిపోవా ఊరిలోనే పుట్టింది, ఇక్కడే పోయింది. ఆమె పక్కింటి దేస మా నాయనమ్మ. ఈ కథలో సగం నాయనమ్మ కళ్ళారా చూసింది. మిగతా సగం విదోసవ నోటి వెంట విన్నది.

ముసలి రాజు పోయాక పెద్దకొడుకు వుక్మిర్ సింహాసనమెక్కాడు. చిన్న రాణి కొడుకు బెరిస్లావ్ మాత్రం, తండ్రి చనిపోయే ముందు కిరీటం తన తలమీదే పెట్టాడన్నాడు. ఇద్దరికీ బిషప్పులు దొరికారు, ఇద్దరికీ సాక్షులు దొరికారు. వుక్మిర్ తమ్ముణ్ణి దేశం నుంచి తరిమేశాడు. తమ్ముడు మేనమామల గుర్రపు దండును వెంటేసుకుని కొండలు దాటి వచ్చాడు. ఎవరిది న్యాయమో నన్నడక్కండి. మా ఊరివాళ్ళు కూడా అడగలేదు. వాళ్ళ భయం వేరు.

మా వైపు రాచకూడు అని ఒకటుండేది. రాజు గానీ రాజుగారి మనిషి గానీ ఊరి మీదుగా వెళితే ఒక పూట తిండి పెట్టాలి. విరవని నిండు రొట్టె, దాని మీద ఉప్పు, కాల్చిన గొర్రెపిల్ల, ద్రాక్షసారా, గుర్రాలకు దాణా. ఒకే పూట. మర్నాడు అతను పక్క ఊరికి భారం. ఈ కూడు రాజుకు తప్ప ఇంకెవరికీ చెల్లదు. కాబట్టి ఆ నిండు రొట్టె ఎవరి చేతిలో పెడితే అతనే మా రాజని ఊరంతా ఒప్పుకున్నట్టే.

అంతకు ముందటేడు పై ఊరు బ్రెస్త్‌వాళ్ళు బెరిస్లావ్ మనుషులకు ఆ రొట్టె పెట్టారు. వుక్మిర్ సేనాని తోలెన్ వచ్చి కప్పులు తగలబెట్టించి, ఊరిపెద్ద చెవులు రెండూ కోయించాడు. కింది ఊరు జాబ్రద్‌వాళ్ళు అది విని రొట్టె పెట్టేది లేదన్నారు. బెరిస్లావ్ మనుషులు వాళ్ళ ఎద్దుల్ని, గొర్రెల్ని మొత్తం తోలుకుపోయారు. చలికాలం మొదట్లో. వసంతానికి జాబ్రద్ శ్మశానంలో చిన్న చిన్న సమాధులు ఎన్ని లేచాయో అటు పోయినవాళ్ళంతా చూశారు.

మంచు కరిగి దారులు తెరుచుకోగానే, బెరిస్లావ్ ఈసారి స్వయంగా వస్తున్నాడని, మా ఊరి మీదుగానే వస్తున్నాడని కబురొచ్చింది.

రాచకూడు ఇంటింటికీ వంతు. వంతు ఎవరిదో తెలియడానికి ఒక గీతల కర్ర ఉండేది. వండి పెట్టినవాళ్ళు దాన్ని పక్కింటి గడపకు ఆనించి వెళ్ళేవాళ్ళు. ఆ వసంతంలో కర్ర విదోసవ గడప దగ్గరుంది.

ఊరంతా కూర్చుని ఆలోచించుకుందామన్నా కుదరదు. సామాన్యులు సభ కూడితే చెవులు కోసి కనుబొమలు కాల్చాలని రాజుగారి చట్టం. దొరలు ఎంతమంది కూడినా దాన్ని మంత్రాంగం అంటారు. మేం ఐదుగురం కూడితే కుట్ర. అందుకని మావాళ్ళు తిరగలి దగ్గర ఇద్దరు, ఊట దగ్గర ఇద్దరు, పేడ ఎత్తుతూ ఇద్దరు, ఇలా మాట్లాడుకున్నారు. ఒకరి మాట ఇంకొకరికి చేరేసరికి దాని రూపం మారిపోయేది.

ఊరిపెద్ద దాబిజివ్ విదోసవ ఇంటికొచ్చాడు. ఆమె భర్తకు మేనమామ అతను. పొయ్యి దగ్గర కూర్చుని చాలాసేపు తన చెవి తడుముకున్నాడు.

"ఏం మామా, ఇంకా ఉందో లేదోనని చూసుకుంటున్నావా?" అంది విదోసవ.

"నవ్వవే, నవ్వు. పెడితే తోలెన్ నా చెవులు కోస్తాడు, నీ కొంప కాలుస్తాడు. పెట్టకపోతే బెరిస్లావ్ గొడ్లన్నీ తోలుకుపోతాడు. ఏం చేద్దామంటావ్?"

"అడవిలోకి పోదాం."

"పసిపిల్లలతోటా? మంచానున్న ముసలాళ్ళతోటా? తోడేళ్ళకి రాచకూడు పెట్టినట్టుంటది."

విదోసవ పొయ్యి మీద కాగును వేలాడదీసే గొలుసు సవరించింది. "మామా, ఎవరికి పెట్టినా తప్పుకాని కూడు ఒకటుంది కదా," అంది.

అతనికి వెంటనే అర్థమైంది. దినం కూడు. పోయినవాళ్ళ ఆత్మ కోసం తేనె కలిపిన ఉడుకు గోధుమలు, విరిచిన రొట్టె, వెలిగించిన కొవ్వొత్తి. గడప తొక్కినవాడు దొంగయినా, బిచ్చగాడయినా, శత్రువయినా పెట్టి తీరాలి. తిన్నవాడు పోయినవాడి పేరు చెప్పి 'దేవుడు క్షమించుగాక' అనాలి. ఆ కూడు పెట్టినంత మాత్రాన ఎవరూ ఎవరికీ రాజు కాడు.

"ఎవరి దినం?" అన్నాడు దాబిజివ్. "ఈ ఊళ్ళో పోయినవాళ్ళందరి దినాలూ పాదిరిగారికి తెలుసు, తోలెన్ గూఢచారులకి తెలుసు. ఉత్తుత్తి దినం నిలబడదు."

"రాదోన్యకి పెట్టలేదుగా."

దాబిజివ్ లేచి నిలబడ్డాడు. "వద్దు. ఆ మాట అనకు."

రాదోన్య విదోసవ భర్త. వుక్మిర్ కొత్త కోట కట్టించడానికి ఊరికొక మగాణ్ణి వెట్టికి పట్టుకుపోయినప్పుడు మా ఊరి నుంచి అతను పోయాడు. తిరిగి రాలేదు. అటునుంచి వచ్చిన ఒకడు, గోడ కూలి రాళ్ళ కింద పడ్డాడన్నాడు. ఇంకొకడు, లేదు, మొన్ననే గంజి తాగుతుంటే చూశానన్నాడు. విదోసవ రెండోవాణ్ణే నమ్మింది. చుట్టాలు ఎంత పోరినా దినం పెట్టలేదు. అతని గొర్రెచర్మం కోటును ప్రతి ఎండాకాలం ఆరబెట్టి మళ్ళీ మేకుకు తగిలించేది. బతికున్నవాడికి దినం పెడితే చేజేతులా గొయ్యి తీసినట్టేనని మావాళ్ళ నమ్మకం. అతను నిజంగా ఎక్కడో రాళ్ళు మోస్తూ ఉంటే, ఆ కొవ్వొత్తి కరిగిన పూటే కాలు జారుతుందని అనేవాళ్ళు.

"నువ్వు చంపుతావా వాణ్ణి?" అన్నాడు దాబిజివ్.

"నేనెవరిని చంపడానికి, మామా? పట్టుకెళ్ళినవాళ్ళు ఉన్నారుగా," అంది విదోసవ. తర్వాత లేచి గోధుమలు నానబెట్టింది. నీళ్ళు పోస్తుంటే చెంబు రెండుసార్లు జారిందని నాయనమ్మ చెప్పేది.

బెరిస్లావ్ పట్టపగలే వచ్చాడు. ముందు గుర్రాల చప్పుడు, తర్వాత బురద కొట్టుకున్న జెండా, వెనక ఆకలితో కళ్ళు లోతుకుపోయిన రౌతులు. రాజవుతానన్నవాడు మా పశువుల కాపరి కంటే చిక్కిపోయి ఉన్నాడు. చొక్కా మోచేతి దగ్గర చిరిగింది.

వాకిట్లో బల్ల మీద నల్ల గుడ్డ పరిచి ఉంది. కొవ్వొత్తి వెలుగుతోంది. రొట్టె ముక్కలుగా విరిచి ఉంది. విదోసవ తలకు నల్ల రుమాలు కట్టుకుని నిలబడింది. ఊరివాళ్ళు ఎవరి గుమ్మాల్లో వాళ్ళు.

బెరిస్లావ్ అనుచరుడొకడు గుర్రం దిగి బల్ల చూశాడు. "ఇదేంటి? నిండు రొట్టె ఏది? గొర్రెపిల్ల ఏది? రాజొస్తున్నాడని కబురంపాం కదా!"

"ఈ ఇంట్లో దినం నడుస్తోంది దొరా. నా పెనిమిటిది. పొయ్యి మీద ఇంకో వంట పెట్టకూడదు."

"చచ్చినోడి ఎంగిలి రాజుకి పెడతావటే ముండా!" అతను కొరడా ఎత్తాడు.

పక్క గుమ్మంలోంచి మా నాయనమ్మ దేస అరిచిందట: "ఎంగిలి కాదయ్యా! ఇంకా ఎవరూ ముట్టుకోలేదు. ముందు మీరే!"

రౌతుల్లో ఒకడు ఆపుకోలేక నవ్వాడు. కొరడా ఎత్తినవాడికి అది ఇంకా మండింది. అతను విదోసవ మీదికి ఒక అడుగు వేశాడు. ఆమె కదల్లేదు. కొవ్వొత్తి ఆరిపోకుండా చేయి అడ్డం పెట్టి అలాగే నిలబడింది.

"ఆగు," అన్నాడు బెరిస్లావ్. గుర్రం దిగి బల్ల దగ్గరికొచ్చాడు. "ఏం పేరు నీ మొగుడిది?"

"రాదోన్య."

"ఎలా పోయాడు?"

"మీ అన్నగారి కోటకి రాళ్ళు మోస్తూ."

అతను ఆమె మొహంలోకి చూశాడు. తర్వాత బల్ల మీద విరిగిన రొట్టె కేసి, గుమ్మాల్లో నిలబడిన జనం కేసి చూశాడు. జరిగిందేమిటో అతనికి అర్థమైంది. తెలివితక్కువవాడేం కాదు. ఆకలి కూడా అతని తరఫునే వాదించి ఉంటుంది.

"నన్ను రాజనకుండానే నాకు అన్నం పెడుతున్నావన్న మాట," అన్నాడు మెల్లగా.

"ఆకలికి రాజేంటి, కూలోడేంటి దొరా. కూచోండి."

బెరిస్లావ్ రొట్టెముక్క తీసుకున్నాడు. "దేవుడు రాదోన్యను క్షమించుగాక," అని నోట్లో పెట్టుకున్నాడు. అతని వెనక రౌతులంతా వరసగా వచ్చి చేయి చాపారు, పేరు చెప్పారు, తిన్నారు. బతికుండగా ఒక్క దొర నోటా పలకని పేరు ఆ మధ్యాహ్నం వాకిలంతా మోగింది. విదోసవ ప్రతిసారీ ఉలిక్కిపడింది. పలికిన ప్రతి నోరూ అతని మీద ఒక పిడికెడు మట్టి వేస్తున్నట్టే ఉందట ఆమెకు.

వెళ్ళేటప్పుడు బెరిస్లావ్, "సింహాసనం ఎక్కాక ఈ రొట్టెను గుర్తుపెట్టుకుంటాను," అన్నాడు.

"మర్చిపోండి దొరా. అదే మాకు పెద్ద మేలు," అంది విదోసవ.

అంతా సవ్యంగానే జరిగేది. కానీ దాబిజివ్ చేతులకు ఒక అలవాటుంది. ఊరిపెద్దగా ఎన్నో ఏళ్ళు రాచకూడు పెట్టించినవాడు. ఊట దగ్గర గుర్రాలు కనపడగానే, ఆలోచించకుండా, గాదె తలుపు తీసి దాణా పోశాడు. రౌతులు వెళ్ళిపోయాక గానీ తన చేతులు రాచకూడు పెట్టేశాయని అతనికి తెలియలేదు. ఖాళీ తట్ట పట్టుకుని రాయిలా నిలబడిపోయాడు.

కొన్నాళ్ళకు తోలెన్ దిగాడు. దండుతో సహా. చర్చి గుమ్మం ముందు బల్ల వేయించుకుని కూర్చున్నాడు. పాదిరి సువార్త పుస్తకం, శిలువ తెచ్చి పెట్టాడు. ఊరివాళ్ళను పొలాల నుంచి తోలుకొచ్చారు. సభ కూడమని రాజుగారే ఆజ్ఞాపిస్తే అది నేరం కాదు.

"పెట్టింది ఎవరు?" అన్నాడు తోలెన్.

"నేనే దొరా," అంది విదోసవ. "నా మొగుడి దినం కూడు. గడప తొక్కినవాళ్ళకి పెట్టాను. మీరొచ్చినా పెట్టేదాన్ని."

"తెలివైనదానివే. మరి ఊట దగ్గర రాలిన దాణా ఎవరిది? చచ్చినోడి ఆత్మ కోసం గుర్రాలు కూడా ప్రార్థన చేశాయా?"

దాబిజివ్ చేయి చెవి మీదికి పోయింది. తోలెన్ మనిషి ఒకడు నడుము నుంచి చాకు తీసి, బల్ల మీద పెట్టాడు. సువార్త పుస్తకం పక్కనే.

అప్పుడు దేస ముందుకు తోసుకొచ్చింది. "దాణానా? వాళ్ళు గాదె పగలగొట్టి ఎత్తుకుపోయారు దొరా! మీకు ఫిర్యాదు చేద్దామనే చూస్తున్నాం. రాజుగారి రాజ్యంలో దోపిడీ జరిగితే పూడ్చే బాధ్యత రాజుగారిదే కదా? ఎప్పుడిప్పిస్తారు మా దాణా?"

"ఈ ఆడదాని నోరు మూయించండి."

"మూసుకుంటా, దాణా ఇప్పించండి."

తోలెన్ పెదవి వంకర తిరిగింది. నవ్వో కోపమో తెలియలేదు. అతను దాబిజివ్ వైపు తిరిగాడు. "పగలగొట్టారా, పోశావా?"

"పగలగొట్టారు దొరా," అన్నాడు దాబిజివ్. జీవితంలో ఎన్నడూ అబద్ధమాడని మనిషి.

"సరే. దాణా మాట వదిలేద్దాం. రొట్టె సంగతి తేల్చుకుందాం." తోలెన్ విదోసవను దగ్గరికి రమ్మన్నాడు. "నీ మొగుడు చచ్చాడని ఎవరు చూశారు? ఇన్నాళ్ళు దినం పెట్టనిదానివి, బెరిస్లావ్ వచ్చిన పూటే ఎందుకు పెట్టావు?"

"ఇన్నాళ్ళు ఆశ ఉండింది దొరా. ఆ పూట చచ్చిపోయింది."

"శిలువ మీద చెయ్యేసి చెప్పు. రాదోన్య చనిపోయాడని ప్రమాణం చెయ్యి. తర్వాత ఊళ్ళో ఇంటికొకరు నీ మాట నిజమని ప్రమాణం చెయ్యాలి. రేపు వాడు ఎక్కడైనా బతికి కనిపించాడా, ప్రమాణం చేసిన ప్రతివాడి చెవులూ నావే. ఇళ్ళు కూడా."

గాలికి పుస్తకం పుట కొట్టుకుంటోంది. విదోసవ చేయి శిలువ మీద పెట్టింది. అది తీసేస్తే తన ఇంటితో పాటు దాబిజివ్ చెవులు పోతాయి. ఉంచితే భర్తకు ఇక ఈ ఊళ్ళో చోటుండదు. బతికున్నా సరే. బతికుంటే మరీ.

"రాదోన్య చనిపోయాడు," అంది.

తర్వాత ఒక్కొక్కరే వచ్చారు. దాబిజివ్ వచ్చాడు. దేస వచ్చింది. కూడబలుక్కునే వీల్లేని జనం, ముందు చేసినవాడి మొహం చూసి వెనకవాడు చేశాడు. ఎవరూ వెనక్కి తగ్గలేదు. పాపమంటారా? ఆ పాపం మోయాల్సిన తలలు వేరే ఉన్నాయి. వాటి మీద కిరీటాలున్నాయి.

తోలెన్ లేచాడు. "బాగుంది. మీవాడు చచ్చాడు. అంటే కోట పనిలో మీ ఊరి తరఫున మనిషి లేడు. బదులు ఒకణ్ణి ఇవ్వండి. ఇప్పుడే."

ఎవరూ ఊహించని దెబ్బ ఇది. పిల్లల తండ్రులు తలలు దించుకున్నారు. దాబిజివ్ నెరిసిన తల సవరించుకుని ముందుకొచ్చాడు. "నేనొస్తా. దాణా పోగొట్టిన గాదె నాదేగా."

"ముసలాడివి. ఎన్నాళ్ళు మోస్తావు?"

"మోసినన్నాళ్ళు," అన్నాడతను. పోతూ పోతూ విదోసవతో, "చెవులైతే మిగిలాయే," అన్నాడు. ఆమె నవ్వబోయి నవ్వలేకపోయింది.

కోట దగ్గర సున్నం బట్టీల పక్కన, గంజి కోసం వరసలో నిలబడి ఉండగా దాబిజివ్‌కు రాదోన్య కనపడ్డాడు. బతికే ఉన్నాడు. అక్కడ కూలీలకు పేర్లు లేవు. ఎర్రగుడ్డోడా, కుంటోడా అని పిలిచేవాళ్ళు. లెక్కకు తలలు సరిపోతే చాలు. అందుకే తోలెన్‌కు తెలియలేదు. మేనమామ మేనల్లుణ్ణి కౌగిలించుకోలేదు. రాయి ఎత్తుతున్నట్టు వంగి చెవిలో చెప్పాడు: "నువ్వు చచ్చావురా. మీ ఆవిడ దినం పెట్టింది. మేమంతా ఒట్టేశాం. ఇంటికి పోతే నీ పేరు పట్టుకుని పోకు."

అక్కడే జ్వరంతో పోయిన ఒబ్రాద్ అనే కూలీ పేరు పెట్టుకుని, కోతల తర్వాత రాదోన్య కోట నుంచి పారిపోయాడు. దాబిజివ్ అక్కడే మిగిలాడు. అతనికి మావాళ్ళు నిజమైన దినమే పెట్టాల్సి వచ్చింది.

రాదోన్య మా ఊరు చేరేసరికి తోలెన్ మనుషులు కొందరు విదోసవ వాకిట్లోనే బల్ల వేసుకుని తింటున్నారు. ఈసారి నిండు రొట్టె, ఉప్పు, అన్నీ సక్రమంగా. గడ్డం పెరిగి, భుజం ఒకటి వంగిపోయి, కాళ్ళకు గుడ్డలు చుట్టుకున్న మనిషొకడు దడి దగ్గర ఆగాడు. విదోసవ చేతిలో సారా కూజా ఉంది. ఒక్క చుక్క కింద పడలేదు.

"ఎవడ్రా నువ్వు?" అన్నాడు సైనికుడు.

"కూలోణ్ణి దొరా. ఒబ్రాద్ అంటారు. పనేమైనా ఉంటుందేమోనని."

"ఏమే ముండమోపీ, ఇంట్లో మగదిక్కు లేదు కదా. పెట్టుకోరాదూ?"

విదోసవ అతన్ని పైనుంచి కిందికి చూసింది, సంతలో ఎద్దును చూసినట్టు. "ఈ వంకర భుజంతోనా? ఏం పనొచ్చు నీకు?"

"రాళ్ళు మోస్తా."

"ఇక్కడ రాళ్ళేం లేవు. కట్టెలు కొడతావా?"

"కొడతా."

"తిండీ, చలికాలం పడుకోను కొట్టం. అంతకంటే ఇవ్వను. తాగొస్తే తరిమేస్తా."

"సరేనమ్మా," అన్నాడతను. పెళ్ళాన్ని అమ్మా అని పిలిచి, గొడ్డలి తీసుకుని కొట్టం వెనక్కి వెళ్ళిపోయాడు. సైనికులు తిన్నంతసేపూ కట్టెలు పగులుతున్న చప్పుడు ఆగలేదు.

వాళ్ళు లోయ దిగిపోయాక దేస పరుగెత్తుకొచ్చింది. మొగుడూ పెళ్ళాలు కౌగిలించుకుని ఏడుస్తుంటారనుకుంది. విదోసవ కట్టెల కుప్ప దగ్గర నిలబడి, చేతిలో గరిటెతో అతన్ని తిడుతోంది.

"నీ పేరేంటి?"

"ఒబ్రాద్."

"మళ్ళీ చెప్పు. తడుముకోకుండా చెప్పు."

"ఒబ్రాద్."

"ఎక్కడోడివి?"

"మొరావ నది అవతల. విదా, నువ్వు..."

"విదా ఏంటి? అమ్మా అను!" గరిటె అతని భుజం మీద పడింది. వంగని భుజం మీద. అది చూసుకునే కొట్టింది.

అది మొదలు ఆ చలికాలమంతా ఆమెకదే పని. అతను నీళ్ళు తెస్తున్నప్పుడు, మంచు ఊడుస్తున్నప్పుడు, గొర్రెల పాలు పితుకుతున్నప్పుడు, వెనక నుంచి ఉన్నట్టుండి "రాదోన్యా!" అని పిలిచేది. అతను తిరిగి చూసేవాడు. ఆమె వెళ్ళి గరిటెతో కొట్టేది. ఊళ్ళో మిగతావాళ్ళకూ పని పురమాయించింది. దేస దడి మీంచి, పాదిరి చర్చిలోంచి, గొర్రెలకాపరులు కొండ మీంచి ఆ పేరు పెట్టి కేకేసేవాళ్ళు. అతను తల తిప్పితే ఊరంతటి చెవులు పోతాయి. ఎవరూ నవ్వుకోలేదు.

"అక్కా, ఇంక చాలించవే. మనిషి బెదురుగొడ్డయిపోయాడు," అంది దేస ఒకరోజు.

"తోలెన్ వచ్చి పిలిస్తేనో?" అంది విదోసవ.

మంచు కరగడం మొదలైన ఒక ఉదయం అతను ఊట దగ్గర వంగి గొర్రెలకు మంచుగడ్డ పగలగొడుతున్నాడు. ఆమె అలికిడి కాకుండా వెనకగా వెళ్ళింది. ఈసారి అరవలేదు. పెళ్ళయిన కొత్తల్లో పిలిచినట్టు, గొంతు తగ్గించి, చెవి దగ్గరగా పిలిచింది.

"రాదోన్యా."

అతని చేయి ఆగలేదు. మెడ కదల్లేదు. ఇంకో దెబ్బ వేసి గడ్డ పగలగొట్టాడు. నీళ్ళు పైకుబికాయి.

విదోసవ ఇంటికెళ్ళింది. మేకుకు వేలాడుతున్న గొర్రెచర్మం కోటు దించి, మొహం దానిలో దాచుకుని, భర్త పోయిన ఆడదానిలా ఏడ్చింది.